ట్రాంబోన్: స్లైడు పట్టేస్తోంది, పొజిషన్లు తెలియడం లేదు

ప్రశ్న (తిరుపతి):
అన్నా, పెళ్లి బ్యాండు కోసం పాత టెనార్ ట్రాంబోన్ (ఊదే ఇత్తడి వాయిద్యం) తీసుకున్నా. స్లైడు (లోపలి రెండు గొట్టాల మీద ముందుకూ వెనక్కీ జారే బయటి గొట్టం) మధ్యలో పట్టేస్తోంది. నొక్కేందుకు మీటలు లేవు, మరి స్వరం ఎక్కడుందో ఎట్లా తెలిసేది?

జవాబు 1:
పొజిషన్లు, అంటే స్లైడు ఆపే చోట్లు, 7. స్లైడు పూర్తిగా లోపలుంటే మొదటిది. ఒక్కోటి చాచేకొద్దీ అర స్వరం దిగుతుంది. మూడోది బెల్ (ముందరి వెడల్పాటి నోరు) అంచుకు కాస్త ఇవతల, నాలుగోది అంచు దాటగానే. ఇవి గుర్తులే, తేల్చేది చెవే. గొట్టం పొడవయ్యేకొద్దీ పొజిషన్ల మధ్య ఎడం పెరుగుతుంది, సమానంగా కొలవద్దు. స్లైడు కదపకుండా పెదవుల బిగువు మారిస్తే మొదటి పొజిషన్లోనే బి ఫ్లాట్, ఎఫ్, పై బి ఫ్లాట్, డి అనే పాశ్చాత్య స్వరాలు పలుకుతాయి.

జవాబు 2:
ముందు లోపలి గొట్టాలు గుడ్డతో తుడవండి. చివర లావుగా ఉండే భాగానికే స్లైడు క్రీము పలచగా రాసి, నీళ్లు చిలకరించండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగటవుతుంది. తర్వాత బయటి స్లైడును ఒక్కో గొట్టానికి విడిగా తొడిగి చూడండి. విడిగా జారి, కలిపితే పడితే గొట్టాలు సమాంతరంగా లేవు. ఒకవైపే పడితే అక్కడ సొట్ట. రెండింటికీ రిపేరుకే ఇవ్వాలి, సుత్తి పట్టుకోవద్దు సామీ!

జవాబు 3:
వాయించనప్పుడు స్లైడు లాక్ వేయండి. జారి పడితే కొత్త సొట్టే.