3,90,000 కిలోమీటర్లు తిరిగిన మా ఇన్నోవా: ఇంకా తిప్పాలా, ఆపేయాలా?

మలికిపురం ఇన్నోవా

నమస్కారమండీ. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. నాన్న 2011లో కొన్న డీజిల్ ఇన్నోవా, ఏపీ 05 నంబరు. మీటరు 3,90,000 దాటింది. తొందర్లోనే ఆర్సీకి పదిహేనేళ్లు నిండుతాయి. రెన్యువల్ చేయించి ఇంకో ఐదేళ్లు లాగాలా, ఇక్కడితో ఆపేయాలా అన్నది ఇంట్లో తేలడం లేదు.

ఇంజిన్ సంగతికొస్తే, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. టైమింగ్ బెల్టు వేళకి మారుస్తూనే వచ్చాం. ఏసీ ముందు వాళ్లకి బానే ఉంటుంది, మూడో వరసకి మాత్రం గాలి వస్తుంది కానీ చల్లదనం రాదు. అసలు బాధ క్లచ్‌తో. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) దిగి గట్టెక్కేటప్పుడు ఫస్ట్ గేర్ వేసి రేస్ చేస్తే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలదు. వెనక లారీవాడు హారన్ కొడుతుంటాడు, లోపలంతా మాడిన వాసన. నలుగురిని దించేస్తే గానీ పైకి రాదు. చదును రోడ్డు మీదైతే హాయిగా వెళ్లిపోతుంది, అందుకే నాన్న ఒప్పుకోరు.

అమలాపురంలో ఒక షెడ్డులో చూపించాం. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఇంజెక్టర్లు, ముందు లోయర్ ఆర్ములు, నాలుగు టైర్లు అన్నీ కలిపి లక్ష దగ్గర అవుతుందన్నారు.

నాన్న మాట: "ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడు, ఎక్కడైనా వణుకుతోందా? లక్ష పెడితే కొత్త బండి అవుతుంది. కొత్తది కొంటే లక్షకి రెండు డోర్లు కూడా రావు." మా ఆవిడ మాట వేరు. మొన్నామధ్య అర్ధరాత్రి అమ్మకి ఆయాసం వచ్చి రాజమండ్రి తీసుకెళ్లాల్సి వస్తే, నేను తాళాలు తీసుకునేలోపే తను ఊళ్లో ట్యాక్సీకి ఫోన్ చేసేసింది. "గన్నవరం అక్విడెక్టు వంతెన మీద ఆగిపోతే ఏం చేస్తాం?" అంది. ఇంటి ముందు బండి పెట్టుకుని ట్యాక్సీలో వెళ్లాం. నాన్న ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా బావేమో, డీజిల్ బండి పదేళ్లు దాటితే గవర్నమెంటే తుక్కు చేసేస్తుంది, ఎందుకు గొడవ అంటాడు. అది నిజమేనా? ఇంత తిరిగిన బండిని ఆపేసినవాళ్లు ఏం చూసి నిర్ణయించుకున్నారో చెప్పండి.

కాకినాడ లెక్కలు

మీ బావగారు చెప్పింది ఢిల్లీ రూలండీ. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ అదే మాట అంది. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలకే. మనకి ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఫారం 25 పెట్టాలి. గడువుకి 60 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ఒకప్పుడు కారు రెన్యువల్ ఫీజు 600, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. ఫిట్‌నెస్ పరీక్ష ఫీజు, గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. గడువు దాటిస్తే నెలనెలా పెనాల్టీ పడుతుంది, కాబట్టి తేల్చేదేదో ముందే తేల్చుకోండి.

ఇక డబ్బు లెక్క. పది లక్షల లోను 9 శాతానికి ఐదేళ్లకి తీసుకుంటే నెలకి 20,750 పైన వాయిదా పడుతుంది. అంటే ఏడాదికి దాదాపు రెండున్నర లక్షలు. దాని పక్కన మీ లక్ష రిపేరు ఎంత? ఒక్కసారి పెడితే క్లచ్, టైర్లు మూడు నాలుగేళ్లు చూడక్కర్లేదు. ఇన్సూరెన్స్ కూడా థర్డ్ పార్టీ మాత్రమే తీసుకుంటే 1500 సీసీ దాటిన కారుకి 2022లో పెట్టిన ప్రీమియం 7,897, పైన పన్ను. డబ్బు ఒక్కటే చూస్తే నాన్నగారే కరెక్టు. "రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మెయ్" అనే మాట విని తొందరపడొద్దు. మీ బండి విలువ మార్కెట్లో ఎంతైనా, దాని పని మీ ఇంట్లో ఎంతుందో అదీ లెక్క. దూరాలకి ట్యాక్సీ మాట్లాడుకుని ఊళ్లో దీన్ని తిప్పుకున్నా ఏడాది వాయిదాల్లో సగం కూడా అవ్వదు.

రావులపాలెం పాత మేస్త్రి

బాబూ, పైన లెక్క బాగుంది. కానీ క్లచ్, ఇంజెక్టర్లు, టైర్లు అన్నవి అరిగితే మార్చే సామాన్లు. వాటికోసం ఎవరూ బండి ఆపరు. నువ్వు చెప్పినదాంట్లో కింద భాగం మాట ఒక్కటీ లేదు. సముద్రానికి అంత దగ్గరున్న ఊళ్లో ఇన్నోవాని చంపేది ఇంజిన్ కాదు, ఛాసీ, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనుప చట్రం.

ముప్పై ఏళ్లు షెడ్డు నడిపినవాడిగా చెబుతున్నా. హైవే మీద తిరిగే రావులపాలెం బండి, అంతర్వేది వైపు బండి ఒకే ఏడాదివి ర్యాంపు ఎక్కిస్తే చూడగానే తెలిసిపోతుంది. ఉప్పు గాలి ఒకటి. రొయ్యల లారీల నుంచి రోడ్డంతా కారే ఉప్పునీళ్లు రెండు. మూడోది ఎవరూ పట్టించుకోరు: మీ వైపు చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీళ్లే. కాలవలో నీళ్లున్నన్నాళ్లూ రేవులో కడుగుతారు, ఫర్వాలేదు. ఎండాకాలం కాలవలు కట్టేశాక బోరు పైపు పెట్టి కింద శుభ్రంగా కొడతారు. బండి మెరుస్తుంది, ఛాసీ తింటుంది.

ఇలా చూడు. ర్యాంపు ఉన్న షెడ్డుకి తీసుకెళ్లు, పిట్ అయినా చాలు. చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్ పట్టుకో. ఛాసీ రైలు, అంటే ఆ చట్రంలో పొడుగు దూలం, ముందు నుంచి వెనక దాకా జానెడేసి దూరంలో తట్టుకుంటూ వెళ్లు. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల తిన్నదైతే బొద్దుగా మోగుతుంది, పెచ్చులు రాలతాయి. వెనక చక్రాల ముందు, ఇరుసుని పట్టి ఉంచే లింకు ఆర్ములు ఛాసీకి బిగించి ఉండే బ్రాకెట్లు, స్ప్రింగు కూర్చునే చోటు, వెనక క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) మరీ జాగ్రత్తగా చూడు. అక్కడ స్క్రూడ్రైవర్ నొక్కితే దిగబడిందంటే ఇంక వేరే లెక్క అక్కర్లేదు. డోర్ల కింద, ఫుట్‌బోర్డు దగ్గర బాడీకి కన్నాలుంటే భయం లేదు, రేకు వేసి వెల్డింగ్ చేయొచ్చు. బ్రేకు పైపులు కూడా వేలితో తడిమి చూడు. గరుగ్గా గుంటలు తగిలితే అన్నీ మార్చాల్సిందే.

ఎటూ కిందకి దిగావు కాబట్టి గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం వదిలి చూడు. 2022 జులై వరదకి లంకల్లో నీళ్లలో తిరిగిన బండ్లకి చాలావాటికి ఆయిల్ పాలెక్కువైన టీలా వచ్చింది. ఇంజిన్‌కైతే వేడెక్కాక ఆయిల్ మూత తీసి పెట్టు. కొద్దిగా ఆవిరి సహజం. మూత ఎగిరేట్టు పొగ తంతుంటే పిస్టన్ రింగులు పోయినట్టే.

ముందు ఇది చూసి రా. ఆ తర్వాతే లక్ష సంగతి.

భీమవరం అక్క

తమ్ముడూ, మేస్త్రిగారు చెప్పింది చేయించు. కానీ మీ ఆవిడ మాట కూడా ఒక పరీక్షేనని నా ఉద్దేశం. మాకూ ఇలాగే పాత బండి ఉండేది. ఎప్పుడు ఆపాలా అని మా ఆయన ఏళ్లతరబడి ఆలోచించారు. అప్పటికే పిల్లలు తిరుపతి అంటే రైలు టికెట్లు బుక్ చేసేసేవాళ్లు, అత్తయ్యగారు డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్లొచ్చేవారు. ఇంట్లో అందరూ ఎప్పుడో ఆపేశారు, ఆయనొక్కరే నడుపుతున్నారు. ఇప్పుడది చెరువు దగ్గర మేత బస్తాలు మోస్తోంది, దానికి మాత్రం పనికొస్తుంది.

కాకినాడ తమ్ముడి లెక్కలో ఎయిర్‌బ్యాగ్ లేదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసిందే 2019 జులైలో. 2011 ఇన్నోవాల్లో కింది మోడళ్లకి అది లేదు. మీది ఏ మోడలో చూసుకో. అంతర్వేది కల్యాణానికి ఏడుగురి బండిలో పదిమందిని ఎక్కించుకుని వెళ్లే అలవాటు మన ఇళ్లలో ఉందిగా, మూడో వరసలో కూర్చునేది పిల్లలే.

మలికిపురం ఇన్నోవా

అందరికీ థాంక్సండీ. మేస్త్రిగారు చెప్పినట్టే రాజోలులో పిట్ ఉన్న షెడ్డులో చూపించాం. నాన్న కూడా వచ్చారు, లుంగీ ఎగ్గట్టి నాకంటే ముందే పిట్‌లోకి దిగారు.

కుడివైపు రైలు మొత్తం ఖంగుమంది. ఆయన నావైపు చూసి "విన్నావా" అన్నారు. ఎడమవైపు కూడా మధ్య దాకా అంతే. వెనక ఎడమ చక్రం ముందు కింది లింకు ఆర్ము బ్రాకెట్ దగ్గరకొచ్చేసరికి శబ్దం మారింది. ఆ షెడ్డు మేస్త్రి స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పైన నల్లటి అండర్ కోటింగ్ పొర చితికి లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే అరచేతి నిండా ఎర్రటి పొడి, పెచ్చులు. కోటింగ్ పైకి చూడ్డానికి శుభ్రంగా ఉంది, దాని వెనక ఇనుము లేదు. నాన్న సుత్తి తీసుకుని మళ్లీ ఆయనే కొట్టారు. బ్రాకెట్ చుట్టూ అదే శబ్దం. బ్రేకు పైపులు ఫర్వాలేదు. గేర్ ఆయిల్ శుభ్రంగా ఉంది. ఇంజిన్ మూత తీస్తే పొగే లేదు, నాన్న అన్నది నిజమే.

షెడ్డువాళ్లు పదిహేను వేలకి ప్లేటు వేసి వెల్డింగ్ చేస్తామంటున్నారు. ఫిట్‌నెస్‌కి అడ్డు రాదంటున్నారు. చేయించొచ్చా? లేకపోతే ఉన్నదున్నట్టు అమ్మేస్తే తీసుకునేవాళ్లున్నారు. ఇన్నోవా అనేసరికి ఇప్పుడే ఇద్దరు అడిగారు.

రావులపాలెం పాత మేస్త్రి

చేయించకు. బాడీ రేకైతే సరేనన్నాను, ఇది వేరు. బ్రేకు కొట్టినా, గుంటలో పడినా వెనక ఇరుసు లాగే బరువంతా ఆ బ్రాకెట్ మీదే పడుతుంది. తిన్న ఇనుముకి కొత్త ప్లేటు అతికిస్తే వెల్డింగ్ పట్టుకునేది ఆ పొడినే. దాని పక్కన మళ్లీ చీలుతుంది, ఎనభైలో వెళ్తున్నప్పుడు చీలితే వెనక చక్రం పక్కకి తిరుగుతుంది. ఛాసీ మొత్తం మార్చొచ్చు, కానీ దొరకడం, ఆర్టీవో దగ్గర ఛాసీ నంబరు గొడవ, కూలి అన్నీ చూస్తే ఈ వయసు బండికి దండగ.

అమ్మడం గురించి అడిగావు. నీకు తెలిసిపోయింది, ఇంక తెలియనట్టు అమ్మలేవు. అడిగిన ఇద్దరిలో ఒకడు దానికి నల్ల కోటింగ్ కొట్టించి స్కూలు పిల్లల్ని తోలతాడు. నేను చూడని సంగతి కాదిది. ఇంజిన్, గేర్‌బాక్సు బాగున్నాయి కాబట్టి తుక్కువాడి దగ్గర కూడా మరీ తీసిపోదు.

కాకినాడ లెక్కలు

మేస్త్రిగారి మాట విన్నాక నా లెక్క పక్కన పెట్టేశాను. తుక్కుకి ఇచ్చేట్టయితే ఊరి పాత ఇనుము కొట్టుకి తోలెయ్యొద్దు. గవర్నమెంటు రిజిస్టర్ చేసిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. వాళ్లు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. 2021లో వచ్చిన పాలసీ ప్రకారం అది చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, ప్రైవేటు బండికి రోడ్డు ట్యాక్స్‌లో 25 శాతం వరకు తగ్గింపు ఇవ్వొచ్చని ఉంది. మన రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో కొనేముందు డీలర్‌ని, ఆర్టీవో ఆఫీసుని అడగండి. ఆ సర్టిఫికెట్ తీసుకోకుండా బండి వదలొద్దు, ఆర్సీ రద్దయిందో లేదో తర్వాత చూసుకోండి. పేరు మీదే ఉన్నంతకాలం ఆ బండితో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫాస్టాగ్ కూడా మూసేయించండి.

ఇంకోటి, ఫుల్ ఇన్సూరెన్స్ కడుతూ క్లెయిమ్ లేకుండా ఉంటే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, నాన్నగారిది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా కొత్త బండి ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో తగ్గుతుంది. పాత కంపెనీ దగ్గర లెటర్ తీసుకోండి.

మలికిపురం ఇన్నోవా

స్క్రాపింగ్‌కే ఇస్తున్నామండీ. నాన్న ఒప్పుకున్నారు. అమ్మడం గురించి మేస్త్రిగారు రాసింది చదివి వినిపించాక ఇంకేం మాట్లాడలేదు, అడిగిన ఇద్దరికీ ఆయనే ఫోన్ చేసి లేదని చెప్పేశారు. టైర్లు తీసి అమ్ముకుందామని మాత్రం పట్టుబట్టారు. ఎటూ అరిగినవే కదా నాన్నా అంటే వినరు.

ఇప్పుడు కొత్తదాని గొడవ. డీజిలే కావాలంటారు నాన్న. ఇన్నోవా క్రిస్టా అంటే మా వల్ల కాదు. మారుతి ఎర్టిగాలో మూడో వరస మోకాళ్లకి తగులుతుందని అమ్మ అంటోంది. ఆరుగురం, అందులో ఇద్దరు పెద్దవాళ్లు. లంక రోడ్ల మీద ఎర్టిగా, కియా కారెన్స్ రెండూ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే కింద తగులుతుందా లేదా అన్నది చెప్పండి.