ఆరంకెల కోడ్ ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో మరొకటి: ఏ యాప్ వాడాలి?

మా కార్యాలయంలో ప్రోగ్రామ్‌లను భద్రపరిచే సొంత గిట్ సర్వర్‌లో రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. క్యూఆర్ కోడ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌లోని యాప్‌తో స్కాన్ చేస్తే, 30 సెకన్లకొకసారి మారే ఆరంకెల కోడ్ వస్తోంది గాని, సర్వర్ దాన్ని ప్రతిసారీ తిరస్కరిస్తోంది. ఫోన్ గడియారాన్ని నెట్‌వర్క్ సమయానికి సరిచేసి, పాత నమోదు తొలగించి మళ్లీ స్కాన్ చేసినా ఫలితం లేదు.

క్యూఆర్ కోడ్‌లో ఉన్న అదే రహస్య కీని ల్యాప్‌టాప్‌లో ఓత్‌టూల్‌కు (ఇలాంటి కోడ్‌లు లెక్కించే ప్రోగ్రామ్‌కు) ఇచ్చి, లెక్కకు వాడే హ్యాష్ అల్గారిథమ్‌ను షా-256గా పెడితే వచ్చిన కోడ్‌ను మాత్రం సర్వర్ అంగీకరించింది. క్యూఆర్ కోడ్‌లోనూ షా-256 అనే ఉంది. యాప్ దాన్ని పట్టించుకోకుండా, ఇలాంటి కోడ్‌ల ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 6238 ప్రకారం డిఫాల్ట్ అయిన షా-1తోనే లెక్కిస్తున్నట్టుంది. పాస్‌వర్డ్ కొట్టే ల్యాప్‌టాప్‌లోనే కోడ్ కూడా తీస్తే అది రెండో అంచె అనిపించుకోదు కదా. సర్వర్ సెట్టింగులు మార్చే అధికారం నాకు లేదు.

క్యూఆర్ కోడ్‌లోని అల్గారిథమ్‌ను చదివి, షా-256తోనే కోడ్ ఇచ్చే ఆండ్రాయిడ్ యాప్ ఏది?