చిన్న ఊరి నాటక సమాజంలో వేషం ఎవరికి? మన సభ్యులకా, డబ్బిచ్చి తెచ్చిన ఆర్టిస్టుకా?

మూడోబెల్లు:
మాది తెనాలి దగ్గర ఊరు. చిన్న సమాజం, పదేళ్ళ పైనుంచే నడుస్తోంది. మెంబర్లం అందరం పగలు ఏదో ఒక పని ఉన్నోళ్ళమే, కండక్టరు, ఇద్దరు స్కూలు మాస్టార్లు, ఎల్‌ఐసీ ఏజెంటు, మెకానిక్కు, నాది ఎరువుల షాపు. రాత్రి షాపులు కట్టేశాక లైబ్రరీ మేడ మీద రిహార్సల్స్. పోయినేడు డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వచ్చి చేరింది, వాళ్ళ నాన్నే బండి మీద దింపి, అయిపోయేదాకా కింద కూర్చుని తీసుకెళ్తాడు. ఇన్నాళ్ళూ ప్రాంప్టింగ్ చెప్పింది, ఎవరు రాకపోతే వాళ్ళ డైలాగులు తనే చదివింది, నాటిక మొత్తం నోటికొచ్చు.

ఇప్పుడు కొత్త నాటిక పరిషత్తుకి, అదే నాటక పోటీలకి, పంపుతున్నాం. అందులో కూతురి పాత్రే మొత్తం మోసేది. ఆ అమ్మాయికి ఇద్దాం అని నేను, కాదు గుంటూరు నుంచి పేరున్న ఆర్టిస్టుని తెద్దాం అని డైరెక్టర్ గారు. తండ్రి పాత్రకి కూడా బయట మనిషినే అనుకుంటున్నారంట, అది నాకు నిన్ననే తెలిసింది. మరి మెంబర్లు ఎందుకు చందా కడుతున్నట్టు? మీ ఊళ్ళల్లో ఎలా చేస్తారో చెప్పండి.

గ్రీన్‌రూమ్ గోవిందు:
మూడోబెల్లు గారూ, నేను డైరెక్టర్ల పార్టీ, ముందే చెప్పేస్తున్నా 😀

పరిషత్తులో మనకి ఉండేది ఒక్క గంట. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కాయితం పెట్టుకుని కూర్చుంటారు. కొత్త పిల్ల రెండో సీన్లో తడబడిందంటే పాపం ఎవరూ పిల్ల కొత్తది అనుకోరు, ప్రదర్శన పడిపోయింది అంటారు అంతే. వచ్చే ఏడు స్క్రూటినీలో, అంటే పోటీకి నాటికల్ని ఎంపిక చేసేటప్పుడు, ఇంకో సమాజం కనపడుద్ది, మనం కనపడం. వ్యాను, సెట్టు, మేకప్పు, లైట్లు, రెండు పూటల భోజనాలు అన్నీ కలిపితే వాళ్ళిచ్చే ప్రదర్శన పారితోషికం ఏ మూలకీ రాదు, ప్రైజు వస్తేనే ఆ అప్పు కాస్త తీరేది. అప్పు చేసేది ఎవరు? మెంబర్లు కాదు, సెక్రటరీయో డైరెక్టరో సొంత జేబులోంచి. రైటర్ సంగతి కూడా చూడాలి, ఆయన ఆర్నెల్లు రాసుకున్న నాటిక మన ట్రైనింగ్ క్లాసు కాదు కదా.

కొత్తవాళ్ళకి చిన్న వేషాలిచ్చి పైకి తీసుకురావడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. పక్కింటి పిన్నిగారు, కాలేజీ స్నేహితురాలు లాంటి వేషాలతో మొదలెడతారు. ముందు స్టేజీ భయం పోవాలి.

సైడ్‌వింగ్:
గోవిందు గారూ నమస్తే. పైన "డబ్బిచ్చి తెచ్చిన ఆర్టిస్టు" అన్నారే, ఆ మనిషిని నేనే అనుకోండి. పదిహేనేళ్ళుగా పరిషత్తులు ఆడుతున్నా. సీజన్లో మూడు నాలుగు సమాజాలకి చేస్తా. నా సంపాదన అదే, పిల్లల ఫీజులు అందులోంచే.

మా గురించి వెనక ఏమనుకుంటారో తెలుసు. "మేమంతా కళ కోసం చేస్తున్నాం, ఆవిడ మాత్రం రేటు చెప్పుద్ది" అని. మైకు సెట్టు అబ్బాయికి డబ్బులిస్తారు, మేకప్ ఆయనకి ఇస్తారు, సెట్టు అద్దె ఇస్తారు, వ్యాను డ్రైవర్‌కి బేటా కూడా ఇస్తారు, అక్కడ ఎవరికీ కళ గుర్తు రాదు. ఆడమనిషి అడిగితేనే గుర్తొస్తుంది. మగవాళ్ళకి పగలు ఉద్యోగం ఉంది కాబట్టి రాత్రి సరదా. మాకు రాత్రి నాటకం అయ్యాక తెల్లారుజాము బస్సు, ఇంటికెళ్తే వంట. చాలా ఊళ్ళల్లో చీర మార్చుకోడానికి తలుపున్న గది ఉండదు, దుప్పటి అడ్డం పట్టుకుని మార్చుకోవాలి. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కింద ఎందుకు కూర్చుంటున్నాడో మీకు తెలియదా?

వేషం ఆ పిల్లకే ఇవ్వండి, నాకేం బాధ లేదు. కానీ ఇచ్చాక ఆ పిల్లకి ఎంత ఇస్తారో కూడా చెప్పండి. "మా అమ్మాయే కదా" అని బస్సు చార్జీలతో సరిపెడతారు, నాకు తెలుసు. చాలా సమాజాలు లోకల్ అమ్మాయిలకి అవకాశం అనేదాని వెనక లెక్క ఇదే.

పాత హార్మోనియం:
అమ్మా, మీ కష్టం కాదనను. కానీ సమాజ నాటకం అంటేనే డబ్బు తీసుకోకుండా ఆడేది. బళ్ళారి రాఘవ గారు పెద్ద ప్లీడరు, కోర్టులో సంపాదించుకుని స్టేజీ మీద ఆడారు. 1929 లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పెట్టినవాళ్ళు నాటకాన్ని పొట్టకూడు కోసం పెట్టుకోలేదు. మా రోజుల్లో పద్యనాటకాలు కాంట్రాక్టర్ల చేతికి పోయి ఏమైందో చూశాను, ఒక్కో అంకానికి ఒక్కో కృష్ణుడు, టికెట్టు కోసం పద్యానికి ఒన్స్‌మోర్ మీద ఒన్స్‌మోర్, తెల్లారినా రాయబారం తెమలదు. రేటు వచ్చాక ఎవరూ రిహార్సల్స్‌కి రారు, సరాసరి స్టేజీ మీదే కలుసుకుంటారు. చిన్న సమాజాలైనా అలా కాకుండా ఉండాలని నా బాధ.

బోధన్ పోరడు:
గీ ముచ్చట మా దిక్కు నవ్వొస్తది పెద్దసారూ. మా దగ్గర ఆడెటోళ్ళకు పైసలిచ్చుడు కొత్త కాదు. చిందు యక్షగానం ఆడెటోళ్ళకు ఊర్ల మీద మిరాశి హక్కు ఉండె, ఆట ఆడితె ఊరు ఇచ్చుకోవాలె, అది దానం కాదు వాళ్ళ హక్కు. చిందు ఎల్లమ్మ చిన్నప్పటి సంది ముసలితనం దాక ఆడింది, ఆడి బతికింది, ఆమెది కళ కాదా మరి? ఆంధ్రల సురభోళ్ళు చూడుండ్రి, 1885 ల షురూ జేసిండ్రు, ఇంటిల్లిపాది అదే పని, అదే తిండి. ఉత్తగ ఆడాలె అనే మాట జీతం వచ్చెటోళ్ళ నాటకాల కెళ్ళి వచ్చింది, ప్లీడర్లు గుమాస్తాలు పంతుళ్ళు. వాళ్ళు మంచిగనే ఆడిండ్రు, నేను కాదంటలేను, గని వాళ్ళ రూలు అందరికి రుద్దొద్దు. ఉత్తగ ఆడాలంటే ఉత్తగ ఆడగలిగెటోడే ఆర్టిస్టు అయితడు. కూలికి పొయ్యెటోని బిడ్డె ఎట్లొస్తది రిహార్సల్‌కు?

సైడ్‌వింగ్:
బోధన్ తమ్ముడూ, సరిగ్గా చెప్పావ్. హార్మోనియం గారూ, రాఘవ గారి పేరు ఎత్తారు కాబట్టి ఇంకో మాట, ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టింది కూడా ఆయనే. అప్పట్లో సమాజాల్లో మగవాళ్ళే కట్టేవాళ్ళు, స్థానం నరసింహారావు గారంత గొప్పగా కట్టినవాళ్ళు లేరు, అది వేరే సంగతి. సురభిలో మాత్రం ఆ ఇంటి ఆడవాళ్ళు ఎప్పటినుంచో స్టేజీ మీద ఉన్నారు. ఎందుకంటే అక్కడ వాళ్ళకి కూడు దొరికేది, పక్కన సొంత మనుషులు ఉండేవాళ్ళు. మా కష్టం కాదనను అంటూనే రేటు అడిగితే నాటకం చెడిపోతుంది అంటున్నారు. కాంట్రాక్టు నాటకాలు చెడింది రిహార్సల్ లేక, డబ్బు వల్ల కాదు. నాకు డబ్బిచ్చి పది రిహార్సల్స్ కావాలంటే పదికీ వస్తా, కానీ రెండే పెట్టి మిగతావి ఫోన్లో చెప్పేస్తారు. మరి పది రోజుల బస్సు ఎవరు పెట్టుకుంటారు?

ఫ్రిస్కో సుబ్బు:
ఇక్కడ అమెరికాలో కమ్యూనిటీ థియేటర్లలో యాక్టర్లకి మామూలుగా ఏమీ ఇవ్వరు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే సాయంత్రాలు వచ్చి ఆడతారు. కాకపోతే చాలాచోట్ల ఆడిషన్ బహిరంగం. ఫలానా తేదీ, ఫలానా పాత్రలు, ఎవరైనా రావచ్చు అని నోటీసు పెడతారు, మెంబరు అయినా కాకపోయినా వచ్చి చదవాల్సిందే. మన తెలుగు సంఘాల నాటకాలు మాత్రం మన పద్ధతే 🙂 డైరెక్టర్ ఇంట్లో పార్టీలో పాత్రలు పంచేస్తారు, స్పాన్సర్ గారి అమ్మాయికి హీరోయిన్. ఆడిషన్ పెడితే గొడవ సగం తగ్గుద్ది అని నా ఉద్దేశం. గుంటూరు ఆర్టిస్టు, మీ అమ్మాయి ఇద్దరూ ఒకే సీను చదవాలి, చూసేవాళ్ళు చెప్పాలి.

గ్రీన్‌రూమ్ గోవిందు:
సుబ్బు గారూ పేరున్న ఆర్టిస్టుని ఆడిషన్‌కి పిలిస్తే ఫోన్ పెట్టేస్తారు.

సైడ్‌వింగ్:
నేనైతే పెట్టను. బస్సు చార్జీ పంపండి, చదువుతా.

గంటస్తంభం:
మాది విజయనగరం. కన్యాశుల్కం మొదట ఆడిన ఊరు, 1892 లో, కాబట్టి నాటకం గురించి ఎవడు పడితే వాడు మాట్లాడతాడు మా దగ్గర, నేనూ అంతే 😄

అందరూ పరిషత్తు ఒక్కటే స్టేజీ అన్నట్టు మాట్లాడుతున్నారేటి? అసలు గొడవకి కారణం అదేనండి. ప్రతి చిన్న సమాజమూ సంవత్సరం మొత్తం ఒకే నాటిక తయారుచేసి, దాన్నే ఊరూరా పోటీలకి తిప్పుతాది. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటి, ఉత్తమ రంగాలంకరణ అని బోర్డు మీద బహుమతులు రాసుకుంటాది. సొంత ఊళ్ళో మాత్రం ఒక్కసారి కూడా ఆడదు! ఆ అమ్మాయికి స్టేజీ భయం పోవాలన్నారు గోవిందు గారు, ఏ స్టేజీ మీద పోతాదండీ? పోటీ స్టేజీ తప్ప ఇంకోటి ఉంటే కదా. మా వాళ్ళు ఒకటి చేశారు. పరిషత్తుకి పంపే ముందు అదే నాటిక చుట్టుపక్కల ఊళ్ళల్లో, కాలేజీల్లో, సంక్రాంతికి గుడి దగ్గర ఆడేవాళ్ళు, ఏప్రిల్ 16న తెలుగు నాటక రంగ దినోత్సవం కదా, వీరేశలింగం గారి పుట్టినరోజు, అప్పుడు ఊళ్ళోనే ఒక షో. ఆ షోలన్నింటికీ లోకల్ పిల్లలే. పోటీకి వెళ్ళేటప్పుడు ఎవర్ని పెట్టాలి అన్నది అప్పటికి ఊరందరికీ తెలిసిపోయేది, మాలో మేం కొట్టుకోవలసిన పని లేకపోయింది. ఒకసారి బయట ఆర్టిస్టునే తీసుకున్నాం, ఒకసారి మా పిల్లే వెళ్ళింది.

ఇంకోటి, అవకాశం అంటే వేషం ఒక్కటేనా? లైటింగ్ నేర్పేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. మా దగ్గర లైట్లు వేసే కుర్రాడు ఇప్పుడు పెళ్ళిళ్ళకి, ఈవెంట్లకి వెళ్ళి మా అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు.

పాత హార్మోనియం:
గంటస్తంభం బాబూ ఇది నాకు నచ్చింది. రేటు దగ్గర మాత్రం నా మాట నాదే.

మూడోబెల్లు:
ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. సైడ్‌వింగ్ గారూ, మీరన్నది నిజమే, ఆ అమ్మాయికి ఎంత ఇవ్వాలి అని కమిటీలో ఎవరూ అనలేదు, నాతో సహా. ఇక్కడ ఎవరో ఒకరు కేంద్ర ప్రభుత్వం గ్రాంటు రాయండి అంటారని చూశా, ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటున్నా. సాంస్కృతిక శాఖ గురుశిష్య పరంపర స్కీములో గురువుకి నెలకి 15,000, పద్దెనిమిదేళ్ళు దాటిన శిష్యులకి 10,000 దాకా ఉంది. పోయినేడు అప్లై చేద్దామని కూర్చున్నాం. ఆడిట్ లెక్కలు, రిజిస్ట్రేషన్ కాయితాలు, ఆడిన షోల ఫొటోలు, పేపరు కటింగులు అడిగారు. మా లెక్కలన్నీ కండక్టర్ గారి టికెట్ల సంచిలో చిట్టీలు. అక్కడే ఆగిపోయింది. ఈసారి ఎవరైనా సీఏ చదివే పిల్లల్ని పట్టుకోవాలి.

గంటస్తంభం గారి పద్ధతి మా డైరెక్టర్ గారికి చెప్పా. "పరిషత్తుకి ముందు ఊళ్ళో ఆడితే సస్పెన్సు పోద్ది, వేరే సమాజాలోళ్ళు చూసి ఐడియాలు కాపీ కొడతారు" అన్నారు.

గ్రీన్‌రూమ్ గోవిందు:
ఆ భయం ఉట్టిది కాదు, మాకు జరిగింది. సెట్టు ఐడియా పోయింది.

గంటస్తంభం:
సెట్టు పోతే పోనివ్వండి బాబూ, రెండు తెరలు ఒక బల్లతో ఆడేయండి.

బోధన్ పోరడు:
మూడోబెల్లన్నా ఒక్కటి అడుగుత. ఇంత మంది ఇన్ని తీర్ల చెప్పినం. ఆ పిల్లనెవరన్న అడిగిండ్రా, నీకు చెయ్యాలె అనుందా అని?

మూడోబెల్లు:
అడిగా తమ్ముడూ. పాత్ర చేస్తానంది. కానీ పరిషత్తు ఉన్న వారంలోనే సెమిస్టర్ పరీక్ష ఉందంట, ఏ నాటిక ఏ రోజో తీసే డ్రాలో మాకు రెండో రోజు వస్తే కుదరదు, నాలుగో రోజైతే పర్లేదు అంటోంది. డ్రా ఎవరి చేతిలో ఉంది చెప్పండి. డైరెక్టర్ గారు వెంటనే "చూశారా, అందుకే ప్రొఫెషనల్ కావాలి" అన్నారు. నేనేమో ఇద్దరికీ నేర్పుదాం, తేదీని బట్టి చూద్దాం, ఇద్దరికీ రిహార్సల్ డబ్బులిద్దాం అన్నా. ఇద్దరికిస్తే వ్యానుకి ఉండవు అంటున్నాడు ఎల్‌ఐసీ ఆయన, ట్రెజరర్ తనే. ఆదివారం మీటింగు పెట్టాం.

సైడ్‌వింగ్:
గుంటూరు నుంచి ఎవర్ని అనుకుంటున్నారో కనుక్కోండి, నాకు తెలిసిన మనిషే అయి ఉంటుంది. ఇద్దరికీ నేర్పడం ఆవిడ ఒప్పుకుంటుంది, రిహార్సల్ డబ్బులు ముందే చెప్పాలి అంతే. మీటింగుకి ఆ అమ్మాయిని, వాళ్ళ నాన్నని కూడా పిలవండి. కింద కూర్చోబెట్టకండి.