పేదల్ని ఆదుకోవాల్సింది సంఘమా, సర్కారా?

గుండ్లకమ్మ గట్టు:
అందరికీ వందనాలు. మొన్న మా చర్చి సంఘ పెద్దల మీటింగ్‌లో గుడికి ఏసీ పెట్టించాలా, ఆ డబ్బుతో విధవరాళ్లకు ఒక నిధి మొదలుపెట్టాలా అని మాట వచ్చింది. ఒక పెద్దాయన లేచి, "వాళ్లకు గవర్నమెంటు నెలకు నాలుగు వేలు ఇస్తోంది కదయ్యా, మనం ఇచ్చే అయిదొందలు ఎవరిక్కావాలి?" అన్నాడు. అందరూ తలలూపారు, ఏసీ ఖాయమైపోయింది. నాకు మాత్రం మింగుడుపడటం లేదు. బైబిల్లో తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం), అయిదో అధ్యాయం తీయండి. అరవై దాటిన, దిక్కులేని విధవరాళ్ల పేర్లు లెక్కలో చేర్చమంటాడు. అది పింఛను జాబితా కాకపోతే మరేంటి? మా ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి తెలియని క్రైస్తవుడు ఉండడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో పింఛను ఎక్కడుంది?

లెక్కల మాస్టారు (రిటైర్డ్):
ఆ కాలువ ఎవరిది బాబూ? మద్రాసు ప్రభుత్వానిది. కూలి డబ్బులు ఖజానావి. దొరగారు, ఆయన బోధకులు చేసింది మేస్త్రీ పని. తక్కువ చేసి అనడం లేదు, ఆ కరువులో మంచి మేస్త్రీ దొరకడమే గొప్ప. కానీ ఇంకో ముక్క చెప్పడం మర్చిపోయావు. కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అదంతా అయ్యాకే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చారు. ఎందుకు ఆపాల్సి వచ్చింది? గింజలకోసం మతంలో కలిశారని ఊరు అంటుందని. అన్నం పెట్టే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే ఆ అనుమానం తప్పదు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఎవరినీ నీ దేవుడెవరని అడగలేదు. అదీ తేడా.

మెతుకుసీమ:
మాస్టారూ, మా మెదక్ చర్చి మాటేంటి? మిషనరీ పోస్నెట్ దొర కరువులో జనానికి పని కల్పించి, కూలికి తిండి పెట్టి కట్టించిండు. 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ అయింది. మా ముత్తాత ఆ రాళ్లు మోసినోడే.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):
చూశాను, అద్భుతమైన గుడి. ఆ చేతులతోనే ఒక చెరువు తవ్వించి ఉంటే మీ ముత్తాత పొలానికి నీళ్లొచ్చేవి కదా అని కూడా అనిపించింది. కోప్పడకు.

మెతుకుసీమ:
కోపమేం లేదు. చెరువు ఊరి భూస్వామి దొర పొలానికి పారుతుండె, మా ముత్తాతకు పొలం యాడిది?

పల్నాటి పిల్ల:
నేను ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మమ్మ మిరపకాయలు కోసి కోసి వేలి గీతలు అరిగిపోయాయి. మిషన్ వేలిముద్ర తీసుకోలేదని మూడు నెలలు పింఛను ఆగింది. ఆఫీసు చుట్టూ తిరిగితే "రేపు రా" తప్ప ఇంకో మాట లేదు. ఆ మూడు నెలలూ మా స్త్రీల సమాజం పిడికెడు బియ్యమే ఆమెను బతికించింది. తెలియనివాళ్లకు: అన్నానికి ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీసి కుండలో వేస్తారు, ఆదివారం ఆ కుండ గుడికొస్తుంది. సన్నబియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసి ఉంటాయి, ఒక మెతుకు ఉడికితే ఒకటి ఉడకదు. అయినా అమ్మమ్మ దాని రుచి ఇప్పటికీ చెబుతుంది.

ఇంకో సగం కూడా చెప్పాలి. క్రిస్మస్‌కు చీర ఇస్తూ ఆమె పేరు మైకులో చదివి, స్టేజీ ఎక్కించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. చీర బీరువాలోనే ఉంది. "పింఛను ఇచ్చే పిల్లోడు కూడా ఫొటో తీస్తాడు గానీ ఊరందరికీ చూపించడు" అంటుంది.

గుండ్లకమ్మ గట్టు:
మైకు సంగతి తప్పే చెల్లీ. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చదివేది మనమే.

కొలకలూరు కుర్రోడు:
సర్కారు సాయం హక్కు, మతం అడగదు అంటున్నారే మాస్టారు, నవ్వొస్తోంది. ఎస్సీ రిజర్వేషన్ ఎవరికో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం అడగలేదా? 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, దళిత క్రైస్తవులమైన మమ్మల్ని బయటే ఉంచారు. అందుకే మా పేటలో సగం మందికి సర్టిఫికెట్లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. మా తమ్ముడు కాలేజీలో సురేష్, గుడిలో శామ్యూల్. ఎవడు షరతు పెట్టినా షరతే.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):
ఒప్పుకుంటున్నాను. రిజర్వేషన్ దగ్గర నా మాట నిలబడదు. బియ్యం, పింఛను దగ్గర నిలబడుతుంది. కాకపోతే పోరాడి మార్చుకోగలిగింది చట్టాన్ని. పాస్టరుగారు మనసు మార్చుకుంటే ఎవరి మీద కేసు వేస్తావు? గట్టు బాబూ, నువ్వు చూపిన అధ్యాయంలోనే ముందు బిడ్డలు, మనవళ్లు చూసుకోవాలి, సంఘం మీద భారం వెయ్యొద్దు అనీ ఉంది. అది వదిలేశావు.

పల్నాటి పిల్ల:
అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో గొడవ కూడా ఇదే కదా. రోజూ పంచే అన్నంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లను వదిలేస్తున్నారని సణిగితే ఏడుగురిని ఏర్పాటు చేశారు. నిధి ఎంత అన్నది తర్వాత, జాబితాలో ఎవరు తప్పిపోయారో చూసే మనిషి ముందు కావాలి. నాలుగు వేలు మనం ఇవ్వలేం. ఆగిన నాలుగు వేలు ఇప్పించగలం. అమ్మమ్మకు చివరికి జరిగింది అదే, మా సండేస్కూల్ టీచరు సెలవు పెట్టి వెంట వెళ్తే వేలిముద్ర బదులు కంటి పాప స్కాన్‌తో పనైపోయింది.

గుండ్లకమ్మ గట్టు:
నిన్న సాయంత్రం మా పేటలో తిరిగాను. పింఛను ఆగినవాళ్లు నలుగురు. అందులో ఒకామె మా గుడిలో మూడో వరసలో కూర్చుంటుంది, ఏడు నెలలుగా పింఛను రావడం లేదట, మాకెవరికీ తెలియదు. మీటింగ్‌లో తలూపిన పెద్దాయన ఇంటికి మూడో ఇల్లే. సోమవారం ఆమెను తీసుకెళ్తున్నాను. కంటి పాపకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెప్పు చెల్లీ. ఏసీ బిగించేవాళ్లు గురువారం వస్తారట.