పాత బొలెరో క్యాంపర్‌కి ట్రైలర్ కట్టి అరకు వెళ్లాలి, ముందు ఏం చేయించాలి?

పెందుర్తి_పికప్:
అందరికీ నమస్కారం. నాది 2010 బొలెరో క్యాంపర్, నాన్నగారు కొన్న బండి, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. పికప్ పేరే క్యాంపర్ కాబట్టి ముందే చెప్తున్నా, నేనడిగేది దాని వెనక కట్టి లాగే ట్రైలర్ గురించి. రెండు చక్రాల మీద చిన్నది చేయించాను, నలుగురం పడుకోవచ్చు, వంటగట్టు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉన్నాయి, ఖాళీగా కాటా వేయిస్తే 720 కిలోలు వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో అరకు వెళ్లాలని కోరిక. మొన్న ఆనందపురం వైపు హైవే మీద ట్రయల్ వేస్తే 60 దాటగానే వెనక బండి పాములా ఊగింది. మా ఆవిడ హడలిపోయి పిల్లల్ని ఎక్కించనని తేల్చి చెప్పేసింది. మెకానిక్ ఏమో ఇంజిన్ బోర్ చేయిస్తే, అంటే అరిగిన సిలిండర్లు తొలిపించి కొత్త పిస్టన్లు వేయిస్తే, అంతా సర్దుకుంటుందంటున్నాడు. నిజమేనా?

గాజువాక_గ్రీజు:
ఊగడానికీ ఇంజిన్‌కీ సంబంధం లేదు బ్రదర్. సైలెన్సర్‌లో నీలం పొగ లేకుండా, ఆయిల్ తాగకుండా ఉంటే బోర్ జోలికి వెళ్లొద్దు, ఆ డబ్బు బ్రేకులకి పెట్టండి. మీ ట్రైలర్‌లో బరువు ఇరుసు వెనక్కి పడిపోయి ఉంటుంది, నీళ్ల ట్యాంకు ఎక్కడ పెట్టారో చూడండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పికప్ హుక్ మీద పడాలి. నీళ్లు, గ్యాస్ సిలిండర్, పరుపులు, సామాను అన్నీ కలిపి మీది 900 దాటుతుంది కాబట్టి హుక్ దగ్గర 90 నుంచి 135 కిలోలు ఉండాలి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు, దాన్ని హుక్ ఎత్తుకి వచ్చేలా ఇటుకల మీద పెట్టి, సామానంతా నింపిన ట్రైలర్‌ని సమంగా నిలిపి డ్రాబార్ (ట్రైలర్ ముందు హుక్‌కి తగిలించే కడ్డీ) కొన దాని మీద ఆనించండి. దారిలో ఊగితే మాత్రం సడన్ బ్రేక్ కొట్టొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసేయండి.

భీమిలి_బండి:
నేను తుప్పు గురించే అడుగుతా. మన వైజాగ్ ఉప్పుగాలికి పదిహేనేళ్ల బండి చాసిస్ పైకి పెయింట్‌తో నిగనిగలాడుతుంది, లోపల తినేసి ఉంటుంది. హుక్ బిగించే ముందు చిన్న సుత్తి పట్టుకుని బండి కిందకి దూరి, వెనక కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) బిగించే చోట, అడ్డపట్టీ అతుకుల దగ్గర తట్టుకుంటూ రండి. గట్టి ఇనుము టంగుమంటుంది, పాడైన చోట డబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది. నా పాత పికప్‌కి అలా కొడితే అరచేతిలోకి అప్పడం ముక్కల్లా పొరలు రాలాయి. హుక్ ఎప్పుడూ చాసిస్ రెండు పక్కలకీ బోల్టులతో పడాలి, బంపర్‌కి వెల్డింగ్ పెట్టించి ఊరుకోవద్దు. సేఫ్టీ చైన్లు రెండూ డ్రాబార్ కింద అడ్డంగా దాటించి కట్టండి, హుక్ ఊడినా డ్రాబార్ రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. ఇంకోటి, ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, పికప్ నంబర్ రాసుకుని తిరిగితే కుదరదు.

ఘాట్‌రోడ్:
అన్నా, ఎక్కడం గురించి అందరూ అడుగుతారు, అసలు కథ దిగేటప్పుడే. ఎస్.కోట, బొడ్డవర దాటాక మొదలయ్యే ఘాట్‌లో నేను లోడుతో దిగుతుంటే అనంతగిరి కింద మలుపులో పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. కాలు కింద ఏమీ లేనట్టు ఉంటుంది, ఆ క్షణం ఇప్పటికీ మర్చిపోలేను. సెకండ్ గేర్‌లోకి లాగి, హ్యాండ్ బ్రేక్ పట్టి, కొండ వైపు ఆపుకున్నాను. బ్రేక్ లైనర్ కాలిన వాసన బండంతా నిండిపోయింది. తర్వాత చూపిస్తే బ్రేక్ ఆయిల్ మూడేళ్లుగా మార్చలేదని తేలింది. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే లోపల ఆవిరి పట్టేసి పెడల్ పనిచేయదు. మన ఊరి తేమకి రెండేళ్లకోసారి తప్పకుండా మార్చాలి. ట్రైలర్‌కి సొంత బ్రేకులు పెట్టించకుండా 900 కిలోలతో ఆ ఘాట్‌కి వెళ్లొద్దు, పికప్ ఆగినా వెనక బరువు తోసేస్తుంది. ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. వేడెక్కిన డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు, పగులుతుంది.

రేడియేటర్ విప్పి క్లీన్ చేయించి కొత్త కూలెంట్ పోయించండి, ఫ్యాన్ బెల్టు, క్లచ్ ప్లేటు, ట్రైలర్ వీల్ బేరింగుల గ్రీజు చూపించుకోండి. టైర్ పక్కన అచ్చు వేసిన DOT కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి, అరుగుదల లేకపోయినా పాతవైతే మార్చేయండి.

పెందుర్తి_పికప్:
అందరికీ చాలా థాంక్స్. గ్రీజు అన్న చెప్పినట్టే ఇవాళ మిషన్ మీద పెట్టి చూశాను, 35 కిలోలే చూపించింది! ట్యాంకు వెనక కిటికీ కింద ఉంది, దాన్ని ఇరుసు ముందుకి మార్పించి మళ్లీ తూస్తాను. సుత్తితో కూడా తట్టాను, ఎడమ పక్క కమాన్ దగ్గర జానెడు మేర శబ్దం మారింది, అది కోసి కొత్త రేకు వేయించాకే హుక్. ట్రైలర్ బ్రేకులకి కూడా చెప్పేశాను. బోర్ వద్దని మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఇవన్నీ అయ్యాక ముందు నేనొక్కడినే ఘాట్‌లో ఉన్న టైడా దాకా వెళ్లొస్తాను, మా ఆవిడతో అదే ఒప్పందం.

ఘాట్‌రోడ్:
మంచి పని చేశారు. చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు కూడా పెట్టుకోండి. తెల్లారక ముందే బయల్దేరకండి, చలికాలం పైన మంచులో పది గజాలు కూడా కనపడదు.