పట్టుకున్నానని చెప్పి సీటు వదిలేయడం తప్పా?

పర్లాకిమిడి నాన్న:
మా పాపకు ఎనిమిదేళ్లు. నిన్న సాయంత్రం సైకిల్ నేర్చుకుంది. సీటు వెనక పట్టుకుని పరుగెత్తుతున్నాను. "నాన్నా, పట్టుకున్నావా?" అంటే "పట్టుకున్నానమ్మా" అన్నాను. అప్పటికే చెయ్యి తీసేసి పది అడుగులు వెనకబడ్డాను. మోచేతులు బిగబట్టి, జడ రిబ్బన్లు ఎగురుతుండగా మైదానం సగం దాటేసింది. నా గొంతు దూరం నుంచి వినబడేసరికి తిరిగి చూసి పడింది. లేచి, మోకాలి మట్టి కూడా దులుపుకోకుండా నవ్వింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ రాత్రి పడుకునే ముందు "పట్టుకున్నానని ఎందుకు చెప్పావు?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. నేను చేసింది తప్పంటారా?

బరంపురం బాబాయి:
ఇందులో తప్పేముంది? మనందరం అలాగే నేర్చుకున్నాం.

నాగావళి:
తప్పే. మైదానం సగం దాటింది తానే అని ఆ క్షణంలో పాపకు తెలియదు. పడ్డాక తెలిసింది. ఆ సంతోషం తొక్కుతున్నప్పుడు మీకు దక్కింది, ఆమెకు దక్కలేదు.

సిరోంచ సైకిల్ షాపు:
సీటు ఎంత ఎత్తులో పెట్టారు? సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. అసలు ముందు పెడళ్లు విప్పేయాలి. 15 నంబరు స్పానరు చాలు. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుంది, అది మరిచి బిగించేసేవాళ్లు చాలామంది. పెడళ్లు లేకుండా కాళ్లతో నేలను తన్నుతూ రెండు రోజులు తిరిగితే బ్యాలెన్సు అదే వస్తుంది. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన బండికి పెడళ్లే లేవు, అందరూ కాళ్లతో నెట్టుకుంటూనే వెళ్లారు. ఇలా నేర్పితే పట్టుకునే పనీ లేదు, వదిలే పనీ లేదు.

పర్లాకిమిడి నాన్న:
నాగావళి గారూ, చెప్పి వదులుతానంటే ఏ పిల్లా వదలనివ్వదు. బండి ఏ వైపు ఒరిగితే హ్యాండిల్ ఆ వైపుకే తిప్పాలి. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు, చేతులకు తెలియాలి. నేను పట్టుకున్నంతసేపూ ఆమె చేతులకు ఆ పని పడదు. పక్క చక్రాలు పెట్టినా అంతే, బండిని ఒరగనివ్వవు.

గుణుపురం టీచరు:
పక్క చక్రాల సంగతి నిజం. వాటితో ఏడాది తొక్కినవాళ్లు కూడా అవి తీసేస్తే మొదటికొస్తారు.

నాగావళి:
నాకు పదకొండేళ్లప్పుడు రాయగడలో మా నాన్న ఇలాగే నేర్పారు. అంతకుముందు అన్నయ్య సైకిల్ మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి దొంగచాటుగా అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. అది చూసి సరే నేర్పుతానన్నారు. సంతోషంతో ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి వాలులో పట్టుకున్నానని చెప్పి వదిలేశారు. కల్వర్టు గోడకు గడ్డం కొట్టుకుంది, నాలుగు కుట్లు. "ఆడపిల్లకు ఇక చాలు" అని సైకిల్ అన్నయ్యకే ఇచ్చేశారు. ఇప్పటికీ నాకు సైకిల్ రాదు. ఎవరైనా "నేనున్నాను" అంటే ముందు వెనక్కి తిరిగి చూస్తాను.

సిరోంచ సైకిల్ షాపు:
వాలులో నేర్పకూడదు. సీటు ఎత్తు ఇంకా చెప్పలేదు.

పర్లాకిమిడి నాన్న:
మీ నాన్నగారి మీద కోపం నా మీద చూపకండి. నేను మైదానంలో వదిలాను, వాలులో కాదు. మా పాప నవ్వింది. మీరు అక్కడ లేరు.

నాగావళి:
నవ్వింది, రాత్రి అడిగింది కూడా. ఆ ప్రశ్న మీకు గుచ్చుకోకపోతే ఇక్కడ రాసేవారే కాదు. ఇంకో రెండు రోజులు పట్టుకుని ఉంటే "ఇక వదులు నాన్నా" అని తానే అనేది. ఎందుకు ఆగలేదు?

పర్లాకిమిడి నాన్న:
ఆగడానికి నా దగ్గర రోజులు లేవు! సూరత్‌లో మరమగ్గాల మీద పని నాది. ఏడాదికి పన్నెండు రోజులు ఇంట్లో ఉంటాను. పాప మొదటి అడుగులు ఫోనులో చూశాను. బడిలో చేర్చిన రోజు నేను లేను. ఒడియాలో పద్యం అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న రోజూ లేను. ఇదొక్కటైనా నా కళ్ల ముందు జరగాలనుకున్నాను. రేపు సాయంత్రం పలాస వెళ్లి రైలు ఎక్కాలి.

బరంపురం బాబాయి:
నాయనా, ఇది మొదటే చెప్పాల్సింది.

నాగావళి:
మీ బాధ అర్థమైంది. అయినా మీ సెలవుకు సరిపడేలా పాప నేర్చుకోవాలనడం నాకు ఒప్పుదల కాదు. మీరు వెళ్లాక వాళ్ల అమ్మ నేర్పవచ్చు కదా?

పర్లాకిమిడి నాన్న:
మా ఆవిడకు సైకిల్ రాదు.

గుణుపురం టీచరు:
హైస్కూల్లో మా పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే సైకిళ్లు వచ్చిన రోజు చూడాలి. తొక్కడం రాని ఆడపిల్లలు కొత్త సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ ఇంటికి వెళతారు, సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా. వాళ్లలో చాలామంది అమ్మలకు కూడా రాదు. మీరు ఎలా వదిలినా సరే, ఎనిమిదేళ్లకే నేర్పారు. నాకు అది చాలు.

పర్లాకిమిడి నాన్న:
ఈ రోజు పొద్దున జరిగింది రాస్తున్నాను. సీటు రెండు అంగుళాలు దించాను, ఇప్పుడు పాదాలు రెండూ ఆనుతున్నాయి. "నేను అన్నాకే వదులు" అంది పాప. మూడు చుట్లు పరుగెత్తించింది, నా ఊపిరి ఆగిపోయేలా ఉంది. నాలుగో చుట్టులో "వదులు" అంది, వదిలాను. నిన్నటిలా నవ్వలేదు. కింది పెదవి కొరుకుతూ ముందు చక్రాన్నే చూస్తూ మైదానం మొత్తం చుట్టి వచ్చి, నా ముందే బ్రేకు వేసి, కాలు కింద పెట్టి బెల్లు కొట్టింది. నిన్న చేసింది తప్పని మాత్రం నేను ఇప్పటికీ అనను. నిన్న వదలకపోతే ఈ రోజు ఆ మాట అనేది కాదు.

తర్వాత పాప వాళ్ల అమ్మను బలవంతంగా సీటు మీద కూర్చోబెట్టింది. మా ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని రెండు చేతులతో హ్యాండిల్ బిగించి పట్టుకుంది. వెనక సీటు పట్టుకుని "పట్టుకున్నానమ్మా, తొక్కు" అని పాప అరుస్తోంది.

నాగావళి:
వదిలే ముందు చెప్పిందా?