రేడియేషన్ తర్వాత పళ్ల పుచ్చును ఏ ఇండెక్స్‌తో కొలుస్తున్నారు?

మెడ క్యాన్సర్‌కు 66 గ్రే (రేడియేషన్ మోతాదు కొలిచే యూనిట్) రేడియేషన్ పూర్తయి 9 నెలలైన పేషెంట్. లాలాజలం దాదాపు లేదు, నోరు 22 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు. మామూలుగా అంత తేలిగ్గా పుచ్చని కింది ముందు పళ్లకే చిగుళ్ల అంచున గోధుమరంగు మచ్చ పంటి చుట్టూ పాకుతోంది, కొరికే అంచులు పెచ్చులుగా రాలుతున్నాయి.

డీఎంఎఫ్‌టీ (పుచ్చిన, ఊడిన, ఫిల్లింగ్ చేసిన పళ్ల లెక్క) వాడితే, పుచ్చిన పన్ను ఒకసారి లెక్కలోకి వచ్చాక ఇంకెంత ముదిరినా అంకె కదలదు. ఐసీడాస్ (పుచ్చు దశను బట్టి పంటికి కోడ్ ఇచ్చే పద్ధతి) ప్రయత్నించాను, గుంట పడకుండా మొత్తం నల్లబడిన పంటికి ఏ కోడ్ ఇవ్వాలో తేలలేదు. బైట్‌వింగ్ ఎక్స్‌రేకి (ఫిల్మ్‌ను పళ్లతో కరిచి పట్టుకుంటే తీసేది) ఫిల్మ్ నోట్లో పట్టలేదు. రోజూ ట్రేలతో ఫ్లోరైడ్ జెల్ పెట్టిస్తున్నాం. అది పనిచేస్తోందో లేదో చెప్పడానికి నా దగ్గర సరైన కొలతే లేదు, అదే టెన్షన్.

ఇలాంటి పేషెంట్లలో పుచ్చు ఎంత ముదిరిందో విజిట్ విజిట్‌కీ పోల్చడానికి మీరు ఏ ఇండెక్స్ వాడుతున్నారు?